కారూ, స్వేచ్ఛా

కారు స్వేచ్ఛకు చిహ్నమంటారు. ఇష్టమున్నవాడు కొంటాడు, లేనివాడు మానుకుంటాడు, ఇందులో నిర్బంధమేమున్నదంటారు. కాని చదువుకోసం అమెరికా వెళ్ళిన మన యువతీయువకులలో అనేకమందికి అక్కడ కారు నడపడం నేర్చుకోక తప్పదు. బస్సురాని చోట, కాలిబాటయినా లేని చోట కారు కొన్నవాణ్ణి ‘నీ యిష్టంతోనే కొన్నావు’ అనడం న్యాయమేనా? మానుకోవడానికి వీలులేనిదాన్ని నేను స్వేచ్ఛ అనలేను.

ఈ నిర్బంధం ప్రకృతి విధించినది కాదు. జనరల్ మోటార్స్, మరికొన్ని చమురు, టైర్ల కంపెనీలు కలిసి, నేషనల్ సిటీ లైన్స్ నడిపే నగర రవాణాకు తమ సరుకులే అమ్ముడయ్యేటట్లు కుట్ర చేశాయని 1949లో చికాగో న్యాయస్థానంలో రుజువైంది. జనరల్ మోటార్స్‌కు పడిన జరిమానా 5,000 డాలర్లు! అయితే ట్రాములను ఈ కుట్ర ఒక్కటే చంపిందనడం అతిశయోక్తి. అనేక పట్టణాలలో అవి అప్పటికే నష్టాల్లో వున్నాయి.

అసలు పని బహిరంగంగా, చట్టబద్ధంగానే జరిగింది. 1956 చట్టం 41,000 మైళ్ళ రహదారులను తలపెట్టి, వ్యయంలో నూటికి 90 వంతులు కేంద్ర ప్రభుత్వంపై వేసింది. పెట్రోలు పన్ను రహదారుల నిధికి చేరింది. ఆ నిధిలో ప్రజారవాణాకు ప్రత్యేక ఖాతా 1982 చట్టంతోగాని ఏర్పడలేదు. కార్లు పెరిగితే పన్ను, పన్ను పెరిగితే రోడ్లు, రోడ్లు పెరిగితే మళ్ళీ కార్లు!

దోషి యజమాని ఒక్కడే అయితే సమస్య తేలికే. కార్ల కర్మాగారంలో పనిచేసే కార్మికుని కూలి, ఊరిచివర అప్పుచేసి కొన్న అతని యిల్లు, రెండూ కారుతోనే ముడిపడివున్నాయి. మరో బ్రతుకుదెరువు చూపకుండా అతనికి త్యాగం బోధించడం అభ్యుదయం అనిపించుకోదు.

అలాగని ప్రతి అభ్యంతరమూ పేదవాడి పక్షాన వచ్చినదని నమ్మరాదు. మన్‌హాటన్ దిగువ భాగంలో ప్రవేశించే కార్లపై రుసుమును న్యూయార్క్ గవర్నర్ 2024 జూన్‌లో సామాన్యుల ఖర్చుల పేరు చెప్పి నిలిపివేశారు. అక్కడికి పనికిపోయే సామాన్యులలో అత్యధికులు రైళ్ళలో, బస్సుల్లో పోయేవారే! ఆ రుసుము ఉద్దేశించినది వాటి బాగుకోసమే. చివరకు 15 డాలర్లకు బదులు 9 డాలర్లతో 2025 జనవరి 5న అది అమలులోకి వచ్చింది.

కాబట్టి నైతిక బాధ్యతను మనం సరియైనచోట నిలపాలి. బస్సు నడపని ప్రభుత్వానికి, కారు కొన్నవాడికి నీతి చెప్పే అర్హత లేదు. బస్సుకు డబ్బు రాకుండా అడ్డుపడేవాడికి స్వేచ్ఛ పేరెత్తే అర్హత అంతకన్నా లేదు.