చూపుకో తోడు

అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో ఎరుపు లైనూ నీలం లైనూ కలుస్తాయి. మెట్లు దిగితే మైత్రీవనం, కోర్సుల పేర్లు రాసిన బ్యానర్లు, కరపత్రాలు పంచే కుర్రాళ్లు, హాస్టల్ బోర్డులు, టిఫిన్ బండి ముందు ప్లేటు పట్టుకుని నిలబడి తినేసే నిరుద్యోగులు. కాస్త ముందుకెళితే పంజాగుట్ట చౌరస్తా, నిమ్స్ ఆసుపత్రి. అక్కణ్నుంచి ఎత్తెక్కితే బంజారా హిల్స్, అద్దాల దుకాణాలు, గేట్ల దగ్గర ప్లాస్టిక్ కుర్చీలేసుకున్న సెక్యూరిటీ గార్డులు. కొద్ది కిలోమీటర్ల లోపే ఇన్ని రకాల ముఖాలు ఎదురయ్యే దారి కాబట్టి, సెలవురోజు పొద్దున కెమెరా పట్టుకుని బయల్దేరే వాళ్లకు ఇది బాగా నచ్చుతుంది. చాలామంది ఇద్దరుగా వెళతారు. రెండోవాడు ఎందుకంటే కబుర్లకు, టీకి, ఎవరైనా గొడవకొస్తే అండకు అంటారు. అతని పని అంతకంటే పెద్దదని నా నమ్మకం. ముక్కూ ముఖం తెలియని మనిషి ఫొటో అడక్కుండా తీయడం ధర్మమేనా అన్న ప్రశ్నకు వీధిలో దొరికే జవాబు ఆ స్నేహితుడిలోనే ఉంది.

ధర్మం అనే మాట కావాలనే వాడుతున్నాను, ఎందుకంటే చట్టం ఈ ప్రశ్నను దాదాపు మనకే వదిలేసింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం సొంత అవసరానికి, ఇంటి అవసరానికి దాచుకునే సమాచారాన్ని తన పరిధిలోంచి తప్పించింది. సరదాకి ఫొటోలు తీసి తన దగ్గరే ఉంచుకునేవాడి జోలికి అది రాదు. చట్టం ఎక్కడ ఆగిపోతుందో అమెరికాలో ఒక దావా ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. ఫిలిప్ లోర్కా డికోర్షియా అనే ఫొటోగ్రాఫర్ న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో కనబడకుండా లైట్లు అమర్చి, దారిన పోయేవాళ్ల ముఖాలు దూరం నుంచి తీశాడు. అందులో ఒక ముఖం సంప్రదాయ యూదు పెద్దమనిషిది. తన మతం ప్రకారం ప్రతిరూపం నిషిద్ధమని, తన అనుమతి లేకుండా దాన్ని ప్రదర్శించి అమ్మారని ఆయన కోర్టుకెళ్లాడు. అది కళ అని, భావప్రకటన స్వేచ్ఛ కిందికి వస్తుందని 2006లో కోర్టు దావా కొట్టేసింది. న్యాయసూత్రంగా ఆ తీర్పు సబబే కావచ్చు. ఆ పెద్దమనిషి గుండెలో మిగిలిన బాధకు మాత్రం అందులో జవాబు లేదు. ఆ బాధ వెర్రిది కాదని చెప్పగలిగింది మత సంప్రదాయాలే.

మన సంప్రదాయాల్లో చూపు ఎన్నడూ ఉత్త చూపు కాదు. విగ్రహ ప్రతిష్ఠలో నేత్రోన్మీలనం అనే ఘట్టం ఉంది. శిల్పం అంతా పూర్తయినా కళ్లు తెరిపించే దాకా అక్కడ దైవం లేనట్టే. ఆషాఢంలో అమీర్‌పేట పక్కనే ఉన్న బల్కంపేటలో ఎల్లమ్మ కల్యాణానికి జనం గంటల తరబడి వరసలో నిలబడతారు. భూమట్టానికి దిగువన, బావిలో వెలసిందని నమ్మే ఆ తల్లిని చూడ్డం ఎంత ముఖ్యమో, ఆ తల్లి కంట తాను పడడమూ అంతే ముఖ్యం. తిరుమలలాంటి చోట్ల మూలవిరాట్టు ముందు కెమెరాను ఒప్పుకోకపోవడానికి భద్రత, రద్దీ వంటి కారణాలు ఎన్ని ఉన్నా, భక్తుడి మనసుకు పట్టే కారణం వేరే. కెమెరా ఎత్తినవాడు చూస్తాడు, చూడబడడు. ఇక దిష్టి సంగతి తెలిసిందే. పంజాగుట్టలో కొత్త షోరూం తెరిచినా గుమ్మానికి గుమ్మడికాయ కడతారు, నిమ్మకాయా మిరపకాయలూ వేలాడదీస్తారు. నరుడి చూపుకు నల్లరాయి కూడా పగులుతుందన్న నమ్మకాన్ని మూఢత్వమని కొట్టేయడం తేలిక. చూపు అవతలి మనిషి మీద పనిచేస్తుందనీ, చూసేవాడికి పూచీ ఉంటుందనీ ఆ నమ్మకం లోపల ఒక తెలివిడి ఉంది. ఖురాన్ 24వ అధ్యాయం చూపు దించుకోమన్న ఆజ్ఞను ముందు మగవాళ్లకు ఇచ్చి, తర్వాతి వాక్యంలో ఆడవాళ్లకు చెబుతుంది. గుడి, గుమ్మం, గ్రంథం మూడూ వేర్వేరు దారుల్లో ఒకే మాటకు వస్తున్నాయి: చూడ్డం ఒక కర్మ, దానికి లెక్క చెప్పాలి.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. ఫొటో తీస్తే ఎదుటివాడి దగ్గర ఏం తగ్గింది? జేబులో డబ్బు పోలేదు, ఒంటి మీద గీత పడలేదు. పతంజలి యమాల్లో చెప్పిన అస్తేయానికి, అంటే దొంగతనం చేయకపోవడానికి, ఇది ఎలా అడ్డు? తాను ఎలా కనిపించాలన్న నిర్ణయం అతని చేయి దాటిపోయింది, తగ్గింది అదే. అడ్డా మీద పనికోసం ఎదురుచూస్తున్న కూలీ తన దృష్టిలో తాపీమేస్త్రీ, ఇద్దరు పిల్లల తండ్రి, పొద్దున్నే శుభ్రంగా స్నానం చేసి వచ్చిన మనిషి. ఫొటోలో అతను ‘పేదరికం’ అయిపోతాడు. ఆ ఫొటో చూసి అయ్యో అనుకునేవాళ్లెవరూ అతనికి కనబడరు. వీధిలో ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఎవరి చూపుకు వారి చూపే బదులు. నచ్చకపోతే ముఖం తిప్పుకోవచ్చు, ‘ఏంటి చూస్తున్నావ్’ అనొచ్చు. ఫొటో ఆ బదులిచ్చే అవకాశాన్ని తీసేసుకుంటుంది. నాకు తోచినంతవరకు వీధి ఫొటోగ్రఫీలోని దోషమంతా ఇక్కడే ఉంది.

ఆ దోషానికి విరుగుడు చూసేవాడూ చూడబడడం. స్నేహితుడు కావలసింది ఇందుకే. ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులుంటాయి, విడదీయరాని నేస్తాలు. ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తూ ఉంటుంది. వ్యాఖ్యాతలు వాటిని జీవుడనీ ఈశ్వరుడనీ చెప్పారు, ఆ అర్థాన్ని నేను కాదనడం లేదు. ఆ రెండింటినీ నేస్తాలుగా చెప్పడం మాత్రం నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది. తినే పక్షిని చూసేది న్యాయాధికారి కాదు, కాపలావాడూ కాదు, నేస్తం. కెమెరా కంటికి ఆనించినవాడు తినే పక్షి లాంటివాడే. కాంతి, రంగు, ఒక క్షణంలో కుదిరిన అమరిక అతన్ని లాగేస్తాయి. ఎదుటి ముఖంలో ముందు మొలిచే ఇబ్బంది అతనికి తెలియదు. పక్కనున్నవాడికి తెలుస్తుంది. ‘ఆవిడకి ఇష్టం లేనట్టుంది రా, వదిలేయ్’ అనగలిగేది అతనే. ఇంటికొచ్చాక ఫొటోలు చూస్తూ ‘ఇది ఎందుకు తీశావు’ అని అడిగేదీ అతనే. ఆ ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పగలిగితే ఫొటో నిలుస్తుంది.

అయితే స్నేహితుడు ఉన్నంత మాత్రాన ఒరిగేదేముందని చరిత్రే అడుగుతుంది. వాకర్ ఎవాన్స్ 1938 నుంచి 1941 దాకా న్యూయార్క్ భూగర్భ రైళ్లలో కోటు గుండీల మధ్య కెమెరా దాచి ఎదుటి సీట్లవాళ్లను తీశాడు. ఆ ప్రయాణాల్లో చాలాసార్లు హెలెన్ లెవిట్ అనే స్నేహితురాలు పక్కనే కూర్చునేది, ఆమె కూడా గొప్ప ఫొటోగ్రాఫరే. ఇద్దరు కబుర్లు చెప్పుకుంటున్నట్టు కనిపిస్తే ఎవరికీ అనుమానం రాదు. అక్కడ స్నేహం మరుగుకు పనికొచ్చింది. ఇప్పుడు చార్మినార్ దగ్గర పాతికమంది కలిసి చేసే ఫొటోవాక్‌లు చూడండి, ఒక గాజులమ్మే ఆవిడ చుట్టూ పది లెన్సులు మూగుతాయి. తోడు పెరిగిన కొద్దీ సిగ్గు తగ్గుతుంది. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను, దానివల్లే వాదన పదునెక్కుతుంది. రెండో పక్షి తినదు. ఒకడు తీస్తున్నప్పుడు రెండోవాడి కెమెరా మెడలోనే ఉండాలి. ఇద్దరూ ఒకేసారి ఎత్తితే అక్కడ సాక్షి లేడు, వేటగాళ్లు ఇద్దరున్నారు. ఎవాన్స్ ఆ ఫొటోలను పుస్తకంగా తేవడానికి 1966 దాకా ఆగాడు. పక్కన కూర్చున్న మనిషి అడగని ప్రశ్న కాలం అడిగి ఉంటుంది.

ఇలా హద్దు పెట్టుకున్న చూపుకు మన ఊళ్లోనే మంచి ఉదాహరణ ఉంది. ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ 1892లో పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్లేయ మహిళకు అప్పగించాడు. అది వీధి కాదు, వచ్చినవాళ్లు డబ్బున్నవాళ్లు, వాళ్లే కోరి వచ్చారు, నిజమే. కానీ అక్కడ ఎవరు చూడాలన్నది చూడబడేవాళ్ల మర్యాదను బట్టి నిర్ణయమైంది. అమీర్‌పేట పేవ్‌మెంటు మీద కూర్చున్నావిడకు ఆ మర్యాద ఇవ్వడానికి స్టూడియో అక్కర్లేదు.

ఇదంతా అతిగా ఉందనేవాళ్లు బంజారా హిల్స్ రోడ్ నంబర్ 12 వైపు వేలు చూపిస్తారు. 2022 ఆగస్టు 4న ప్రారంభమైన పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ భవనాలు అక్కడే ఉన్నాయి, నగరమంతటి కెమెరాల దృశ్యాలు అక్కడికి చేరతాయి. రోడ్డెక్కిన ప్రతివాడూ రికార్డవుతున్నప్పుడు సరదాగా తీసుకునే నాలుగు ఫొటోల మీద ఇంత ధర్మచర్చా? ముఖాలను గుర్తుపట్టే సాంకేతికతను పోలీసులు వాడడాన్ని ప్రశ్నిస్తూ తెలంగాణ హైకోర్టులో 2022లోనే వ్యాజ్యం విచారణకొచ్చింది. నగరానికి నిఘా అవసరం ఎంత, హద్దు ఎక్కడ అన్నది ఆ కోర్టు తేల్చవలసిన విషయం. ఆ చూపు స్వభావం మాత్రం తెలుస్తూనే ఉంది: అది అందరినీ చూస్తుంది, దాన్ని ఎవరూ చూడలేరు. అలాంటి కన్ను ఒకటి కొండమీద ఉందంటే, కిందనున్న మనిషి దానికి చిన్న నకలు కావడానికి అది సాకు కాలేదు. పైగా యంత్రం చేయలేని పనులు అతని చేతుల్లో ఉన్నాయి. కెమెరా దించి నవ్వగలడు, తీసింది చూపించగలడు, వద్దంటే వాళ్ల ముందే తీసేయగలడు.

ముందే అడిగితే సహజత్వం పోతుందనేది కళాకారుల వాదన. నేను ముందే అడగమనడం లేదు. కెమెరా కనబడేలా పట్టుకోవడం, తీశాక అక్కడే కాసేపు నిలబడడం చాలు. నిజం చెప్పాలంటే మన వీధుల్లో సగం సార్లు వాళ్లే ‘ఏదీ, చూపించు’ అంటారు, పిల్లలైతే చొక్కా సర్దుకుని మళ్లీ నిలబడతారు. అందుకే ఈ నియమం వల్ల పోయే ఫొటోలు అనుకున్నన్ని ఉండవు. కొన్ని పోతాయి, పోనివ్వాలి. నిమ్స్ గేటు బయట చాప పరుచుకుని కూర్చున్న రోగుల బంధువుల దగ్గర నేను చెప్పిన సాక్షి కూడా చాలడు. వాళ్లకు లేచి వెళ్లే చోటు లేదు, ముఖం తిప్పుకునే ఓపిక లేదు, వద్దనే ధైర్యం ఉందో లేదో తెలియదు. బదులు చూపు లేని చోట ఎంత మంచి స్నేహితుడైనా ఆ లోటు పూడ్చలేడు. వాళ్ల అవస్థ లోకానికి తెలియాలనుకుంటే ఆ పని పేరూ ఊరూ చెప్పి, కథ అడిగి, వాళ్ల మాట రాసుకునే విలేకరిది. సరదాకి వచ్చిన ఇద్దరూ అక్కడ కెమెరాలు సంచిలో పెట్టుకుని రోడ్డు దాటేయాలి.