జబాలకు సెలవు కలదా?

ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకాముని కథ మనవారు ఎఱుగనిది కాదు. గురువునొద్దకు పోదలచిన బాలుడు తన గోత్రమేమని తల్లినడిగినాడు. యౌవనమున తాను పరిచారికయై పలుతావుల తిరుగుచుండిన కాలమున అతడు పుట్టెననియు, గోత్రము తనకు తెలియదనియు, తన పేరు జబాల గనుక సత్యకామ జాబాలుడనని చెప్పుకొమ్మనియు ఆమె చెప్పినది. బాలుడు ఆ మాటనే గౌతముని యెదుట ఉన్నదున్నట్లు పలికినాడు. గౌతముడు సాక్ష్యము కోరలేదు. సత్యమునుండి తొలగలేదు గనుక శిష్యునిగ స్వీకరించి, నాలుగు వందల బక్క ఆవులను అప్పగించి, మేపుకొని రమ్మని పంపినాడు.

ఈ కథను చెప్పువారు బాలుని సత్యమును, గురువు ఔదార్యమును కొనియాడి అంతటితో ఊరకుందురు. తల్లి సంగతి ఎవరును పట్టించుకొనరు. ఆమె పని చేసి బ్రతికిన స్త్రీ. అబద్ధమాడుట ఆమెకు మిక్కిలి సులభము. గతించిన భర్త నొకనిని కల్పించి, అతనికొక గోత్రమును తగిలించిన సరిపోయెడిది. ఆమె అట్లు చేయలేదు. భర్త యింట అతిథిసేవలో మునిగియుండి గోత్రమడుగుటకు తీరిక లేకపోయెనని భాష్యమున సమర్థించిరి. ఆ సమర్థన యెట్లున్నను మూలమున భర్త ప్రసక్తియే లేదు. ప్రసవమునకు ముందు ఆమె ఎంతవఱకు పనికి పోయినదో, ఎన్నవనాడు బిడ్డను చంకబెట్టుకొని మరల పనికి పోయినదో ఉపనిషత్తు చెప్పదు. మేము అడుగబోవునది ఆ సంగతియే. జబాల నేడు హోసూరులో పని చేయుచుండినచో ఆమెకు ప్రసూతి సెలవు దొరకునా?

ఆమె ఏ ద్వారమున పనికి పోవుచున్నదను దానిని బట్టి దొరకుటయు దొరకకపోవుటయు నుండును. ఇది విచిత్రమైన సమాధానమే, కాని నిజము.

హోసూరు మన కండ్ల ముందర మారిన ఊరు. ఒకప్పుడు సేలము జిల్లాలోను, 1965 తరువాత ధర్మపురి జిల్లాలోను, 2004 నుండి కృష్ణగిరి జిల్లాలోను చేరియున్న ఈ సరిహద్దు తాలూకాలో తెలుగు, కన్నడము, తమిళము మూడును ఇంటి భాషలే. బాగలూరు, బేరికె, వేపనపల్లి ప్రాంతములలో రాగిచేలు చేసికొని బ్రతికిన కుటుంబముల ఆడపిల్లలు నేడు గడియారముల కర్మాగారములలోను, గులాబీ తోటల గాజుపందిళ్లలోను, ఇటీవల సెల్‌ఫోను భాగములు చేయు పెద్ద కర్మాగారమునను పనిచేయుచున్నారు. దూరపు రాష్ట్రములనుండి వచ్చిన యువతులు వేల సంఖ్యలో వసతిగృహములలో నుండి వంతులవారీగ పనికి పోవుచున్నారు.

ఈ కర్మాగారములలో పనిచేయు స్త్రీకి సెలవునిచ్చినది 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టము. ఆ చట్టమున స్త్రీ యనగా కూలికి నియమింపబడిన స్త్రీ. అంతకుమించి విశేషణము లేదు. గడచిన పండ్రెండు నెలలలో ఎనుబది దినములు పని చేసియుండవలెను. గర్భమునకు రుజువు చూపవలెను. వివాహమునకు రుజువు చూపవలెనని ఎచ్చటను లేదు. మొదట పండ్రెండు వారములుగ నుండిన సెలవు 2017లో ఇరువదియారు వారములైనది. ఇద్దరు బిడ్డలు గలవారికి మాత్రము పండ్రెండే. 2025 నవంబరు 21 నుండి ఆ చట్టపు స్థానమున సామాజిక భద్రతా స్మృతి అమలునకు వచ్చినది. దానిలోను పెండ్లి మాట చేరలేదు. కనుక కర్మాగారపు ద్వారమున జబాలకు అడ్డు లేదు.

అదే జబాల రాష్ట్రప్రభుత్వపు పాఠశాలలోనో, తాలూకా కచ్చేరిలోనో ఉద్యోగము చేయుచున్నదనుకొందము. తమిళనాడు ప్రభుత్వము తన ఉద్యోగినుల విషయమున ఉదారముగనే వర్తించినది. ఇది ఒప్పుకొనవలసిన మాట. తొంబది దినముల సెలవును 2011లో నూట ఎనుబదికిని, 2016లో రెండువందల డెబ్బదికిని, 2021లో మూడువందల అరువదియైదింటికిని పెంచినది. సంవత్సరము పొడుగున పూర్తి జీతముతో సెలవిచ్చు ప్రభుత్వములు లోకమున ఎక్కువ లేవు. కాని ఆ నియమము ‘వివాహితలైన స్త్రీ ఉద్యోగులకు’ అని మొదలిడుచున్నది. ఇంత పెద్ద ఔదార్యము ఆ ఒక్క విశేషణమువద్ద ఆగిపోయినది.

ఆ విశేషణము చేయగల పనికి తార్కాణము 2025లో మద్రాసు ఉన్నత న్యాయస్థానమున కనబడినది. తిరువారూరు జిల్లాలో ఒక న్యాయస్థానమున సహాయకురాలుగ పనిచేయుచున్న వితంతువు మరల గర్భవతియై సెలవు కోరినది. గుడిలో పెండ్లియైనదని ఆమె చెప్పినది. పెండ్లి నమోదు కాలేదనియు, పెండ్లికి ముందే గర్భము కలిగినదనియు కారణములు చూపి పైయధికారి నిరాకరించెను. ఉన్నత న్యాయస్థానము ఆ నిరాకరణమును గట్టిగ తప్పుపట్టి, సెలవుతో పాటు లక్ష రూపాయలు పరిహారముగ ఇప్పించినది. వివాహమును తిరుగులేని సాక్ష్యముతో నిరూపింపుమని అడుగుట సెలవిచ్చు అధికారికి తగదన్నది. మంచిదే. అయితే ఆమెకు న్యాయము దొరకినది పెండ్లియైనదానిగ ఎంచుటవలన. ‘నాకు పెండ్లి కాలేదు, బిడ్డ మాత్రము నాది’ అని సూటిగ చెప్పినదానికి ఏమి దొరకెడిదో ఆ తీర్పు తేల్చలేదు.

మా అభ్యంతరమిది. ఈ నియమము సత్యము చెప్పిన స్త్రీని శిక్షించుచున్నది. గుడిలో దండలు మార్చుకొన్న ఛాయాచిత్రమొకటి సంపాదించినదానికి సంవత్సరపు జీతము. జబాలవలె పలికినదానికి జీతము లేని సెలవు, ఆపైన కచ్చేరిలో గుసగుసలు. గౌతముడు సత్యమే అర్హతయని యెంచెను. మనము సత్యమునే అనర్హతగ చేసితిమి.

సెలవు ఎందులకు ఇచ్చుచున్నారో ఒకసారి ఆలోచింపవలెను. అది వివాహమునకు బహుమానమా? అట్లయినచో పెండ్లినాడే ఇచ్చి యుండవలెను. బిడ్డలు లేని దంపతులకును పంచవలసియుండును. సెలవు శరీరమునకు. నెత్తురు పోయి, ఎముకలు సడలి, పాలు పడి, రాత్రులు నిద్రలేని శరీరమునకు. రెండవది బిడ్డకు. చనుబాలకై ఏడ్చు శిశువు తన తల్లి మెడలో ఏమున్నదని చూడదు. పురిటింటి పథ్యము పెట్టు ముసలమ్మలు కూడ కాయము, వెల్లుల్లికారము నూఱునపుడు ఇది ఏ సంబంధపు కాన్పు అని కొలత మార్చి నూఱరు.

శ్రామికుల సంగతి మొదట ఆలోచించినవారు దీనిని స్పష్టముగనే గ్రహించిరి. 1919లో అంతర్జాతీయ శ్రామిక సంస్థ చేసిన ప్రసూతి ఒడంబడిక, స్త్రీ యనగా వివాహితయైనను అవివాహితయైనను స్త్రీయేయని నిర్వచించినది. 1952లో దానిని సవరించినప్పుడును ఆ మాట నిలిచినది. మన దేశము ఈ ఒడంబడికలను అంగీకరింపలేదు. కాని 1948 నాటి మానవహక్కుల ప్రకటనకు మనము సమ్మతించితిమి. వివాహమున పుట్టినను వెలుపల పుట్టినను బిడ్డలందఱికి ఒకే రక్షణ యుండవలెనని దానిలో గలదు. మన రాజ్యాంగపు 42వ అధికరణము ప్రసూతి సహాయమునకు ఏర్పాటు చేయుమని ప్రభుత్వమునకు చెప్పినప్పుడు పెండ్లి షరతు పెట్టలేదు.

దీనికి పెద్దలు చెప్పు ఆక్షేపణ ఒకటి కలదు. అట్లు సెలవిచ్చినచో వివాహధర్మము సడలిపోవునందురు. ఈ మాటను ఎగతాళి చేయుట మాకు ఇష్టము లేదు. వివాహము వలన స్త్రీకిని బిడ్డకును కలుగు ఆశ్రయము చిన్నది కాదు. దానిని కాపాడుకొనవలెనను తపన న్యాయమైనదే. కాని జీతపు రాళ్ల కొఱకు పెండ్లి మానుకొని బిడ్డను కను స్త్రీ ఎచ్చటనైన నుండునా? మన సమాజమున అట్టి స్త్రీ పడు అవమానమును తూచు త్రాసులో ఇరువదియారు వారముల కూలి గడ్డిపోచ. వివాహ గౌరవము కాపాడబడవలెనన్నచో దానికి కాపలా బాలింత ఆకలియా? మఱియొక సంగతి. ఆ బిడ్డకు తండ్రి యొకడున్నాడు. అతడును అదే కచ్చేరిలో ఉద్యోగియై యుండవచ్చును. అతని సెలవు పత్రమున ఎవరును ఏమియు అడుగరు. అతని కాగితములలో చుక్కయైన పడదు. ఇద్దరి క్రియకు ఒకరి జీతము కోయుట ధర్మరక్షణము కానేరదు.

మన పూర్వులు ఈ విషయమున మనకంటె నిబ్బరముగ నుండిరని మాకు తోచును. కన్యకు పుట్టినవానికి ‘కానీనుడు’ అని ధర్మశాస్త్రములు పేరు పెట్టి, పుత్రుల పండ్రెండు విధములలో చేర్చినవి. యాజ్ఞవల్క్యుడు అతనిని మాతామహుని పుత్రునిగ చెప్పినాడు. మనువు ఆమెను పెండ్లాడినవానికి చెందునన్నాడు. స్థానము తక్కువదే కావచ్చును, కాని ఇల్లు ఒకటి చూపిరి. భారతమును రచించిన వ్యాసుడు కానీనుడు. సత్యవతి ఆ సంగతి భీష్మునితో చెప్పుకొనగలిగినది. కుంతి చెప్పుకొనలేకపోయినది, కర్ణుని పెట్టెలో పెట్టి నదిలో విడిచినది. ఆ ఒక్క దాపఱికము కురుక్షేత్రము దాక ఎట్లు నడచినదో చదువరులకు మేము చెప్పనక్కఱలేదు.

నది, పెట్టె అన్నవి మా ప్రాంతమున పురాణపు మాటలు కావు. ఆడశిశువులను చంపుకొను దురాచారము సేలము ప్రాంతమున ప్రబలియుండగా, 1992లో తమిళనాడు ప్రభుత్వము ‘తొట్టిల్ బిడ్డ’ పథకము ప్రారంభించినది. పెంచలేనివారు బిడ్డను చంపక ఊయలలో విడిచిపోవచ్చును. ప్రభుత్వము పెంచును, లేదా దత్తత కిచ్చును. 2001లో ఇది నేటి కృష్ణగిరి అప్పుడు అంతర్భాగమైయుండిన ధర్మపురి జిల్లాకును వచ్చినది. ఎందఱో శిశువుల ప్రాణము నిలిపిన ఏర్పాటు ఇది. అయితే రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూడుడు. పెండ్లికాని తల్లి బిడ్డను విడిచిపెట్టినచో ప్రభుత్వము ఊయల పట్టి నిలుచును. విడువక గుండెకు హత్తుకొన్నచో ఆ ప్రభుత్వమే తన ఉద్యోగినికి సెలవు లేదనును. 2022 సెప్టెంబరులో సర్వోన్నత న్యాయస్థానము, ఇరువదినాలుగు వారముల వఱకు గర్భస్రావము చేయించుకొను విషయమున అవివాహితలకును సమానమైన హక్కు గలదని తీర్పిచ్చినది. వలదనుకొన్నదానికి త్రోవ యున్నది, విడిచిపోవుదానికి త్రోవ యున్నది. ఉంచుకొని పెంచెదనన్నదానికే తలుపు మూసియున్నది. ఇది ఎవరును బుద్ధిపూర్వకముగ కోరి చేసినది కాదని మేము నమ్ముదుము; వేర్వేరు కాలములందు వేర్వేరు చేతులు వ్రాసిన కాగితములు కలిసి ఈ రూపు దాల్చినవి. కాని బాలింతకు ఆ వివరణ కూడు పెట్టదు.

ఈ రాష్ట్రమున పేద గర్భిణులకు ధనసహాయము చేయు పథకము డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి పేర నడచుచున్నది. ఆమె తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబమున పుట్టినది. అట్టి తల్లి కడుపున పుట్టి, వైద్యురాలై, 1927లో మద్రాసు శాసనసభలో కాలుమోపి, దిక్కులేని బాలికల కొఱకు అవ్వై గృహమును స్థాపించిన ఆమె పేరు పెట్టుకొన్న రాష్ట్రమునకు ఒక్క విశేషణమును కొట్టివేయుట కష్టమైన పని కాదు. 2025 మే నెలలో, మూడవ కాన్పని సెలవు నిరాకరింపబడిన ఇదే రాష్ట్రపు ఉపాధ్యాయిని విషయమున సర్వోన్నత న్యాయస్థానము, ప్రసూతి సెలవు స్త్రీ యొక్క సంతానహక్కులలో భాగమని తేల్చిచెప్పినది. రెండు బిడ్డల పరిమితి విషయమున వచ్చిన ఆ తీర్పు వెలుగులో ‘వివాహిత’ యను మాట ఎంతకాలము నిలువగలదో సందేహమే. దానిని ఎవరో ఒక అభాగ్యురాలు న్యాయస్థానమెక్కి కొట్టివేయించుటకంటె, ప్రభుత్వమే తొలగించుట మర్యాదగ నుండును.

ఇంతవఱకు కచ్చేరి సంగతి. కర్మాగారమున తలుపు తెఱచియున్నదంటిమి. కాని తెఱచిన తలుపున ఎందఱు పోవుచున్నారు? సెలవడుగుట యనగా చెప్పుకొనుట. వసతిగృహములో ఆఱుగురితో గది పంచుకొను పిల్ల, ఒప్పందపు పనివానిక్రింద నియమింపబడిన పిల్ల, కడుపు కనబడకముందే పని మానుకొని పోవును. ఎందులకు మానినదని ఎవరును అడుగరు. గర్భస్రావమైనచో ఆఱు వారముల సెలవు కలదనియు, ప్రసూతి సెలవులోనుండగ పనినుండి తొలగించుట నేరమనియు 1961 చట్టమున వ్రాసియుండెను. ఎవరు చదివి చెప్పిరి?

ఆ చట్టపు 19వ విభాగమున మాకు మిక్కిలి నచ్చిన ఏర్పాటొకటి యుండెను. స్త్రీలు పనిచేయు ప్రతి భాగమునను చట్టసారమును ఆ ప్రాంతపు భాషలో, లేక భాషలలో, అందఱికి కనబడుచోట వ్రేలాడదీయవలెనని. భాషలలో అను బహువచనము హోసూరు కొఱకే వ్రాసినట్లున్నది. ఈ ఊరి భాషలలో తెలుగొకటి. సరిహద్దు తెలుగువారమని సభలు చేసికొను మనము, చట్టము తెలుపు నాలుగు పుటల తెలుగు కరపత్రమును సులభమైన మాటలలో అచ్చువేయించి, కర్మాగారముల వాకిళ్లలోను, వసతిగృహములలోను, బస్సునిలయమునను పంచవచ్చును. కన్నడ, తమిళ సంఘములు కలిసివచ్చినచో మూడు భాషలలో వేయవచ్చును. దూరపు పిల్లల కొఱకు హిందీ, ఒడియా కూడ. అందులో మొదటి పుటయందే, ఈ సెలవు అడుగుటకు భర్త పేరు అక్కఱలేదని పెద్ద అక్షరములలో వ్రాయవలెను. వ్రాతప్రతి సిద్ధము చేయుటకు మాలో కొందఱు ముందుకు వచ్చియున్నారు. చట్టము తెలిసిన ఒక న్యాయవాది దానిని సరిచూడవలసియున్నది.