లుక్సాన్ ఎవరు చేసినట్టు?

బోథ్ నల్లరేగడిలో పత్తి వేసే మామకూ, వరంగల్‌లో లా చదివే మేనల్లుడికీ మధ్య నడిచిన మాటలివి.

అల్లుడు: వానకు పత్తి పోయిందంటివి. నష్టం రాయించినవా మామా?

మామ: నష్టం సార్లు రాసుకుంటరు. మాకైంది లుక్సాన్.

అల్లుడు: రెండూ ఒకటే గదనే? నీ లుక్సాన్ అసలు నుక్సాన్, అరబ్బీ మాట, తరుగు అని అర్థం. ఉర్దూల నుంచి మనకొచ్చింది. నష్టం సంస్కృతం, కనబడకుండ పోవుడు.

మామ: చూసినవా మరి! నాదేం కనబడకుండ పోలే. చెట్టు నిలబడే ఉన్నది, కాయ నల్లబడ్డది. పదికి ఆరే చేతికొస్తది. తరుగే గదా.

అల్లుడు: అంటే 40 శాతం. సర్కారు లెక్కల 33కు తగ్గకుంటేనే నష్టం. 2022ల కేంద్రం పెట్టిన రేటు ప్రకారం వానాధారం పైరుకు హెక్టారుకు 8,500 రూపాయలు, అదీ 2 హెక్టార్ల దాక. 2015కు ముందైతే 50కి తగ్గొద్దు. అప్పుడు నీకు నష్టమే కానట్టు.

మామ: అదే వాన, అదే కాయ. గీత జరిగితే లుక్సాన్ పుట్టిందా?

అల్లుడు: సాయం పుట్టింది. ఎక్కడో ఒక కాడ గీత గియ్యాలె గదా.

మామ: గియ్యుండ్రి. 32 అయినోనికి మాత్రం ‘నష్టం లేదు’ అనకుండ్రి, ‘సాయం లేదు’ అనుండ్రి.

ఇక్కడ నేను మామ పక్షం. 32 శాతం పోయిన రైతు పేరు జాబితాకెక్కదు. ఎక్కని పేరును తర్వాత కాగితం చదివేవాళ్లు నష్టపోనివాడిగానే చదువుతారు.

అల్లుడు: సరే, లుక్సాన్ అయినా తప్పెవరిదో చూడాలె గదా. మా పుస్తకంల ఒక కేసుంది. 1410లో ఇంగ్లండ్‌ల గ్లోస్టర్ ఊళ్లె ఇద్దరు పంతుళ్ల బడికి పోటీగ ఇంకొకాయన బడి పెట్టిండు. మొదటోళ్లకు ఫీజులు పడిపోయినయ్. లుక్సాన్ నిజమే గని తప్పెవరిదీ కాదన్నది కోర్టు.

మామ: వానకు సరిపోతది. అందుకే లుక్సాన్ ‘అయింది’ అంటం.

అల్లుడు: అడవిపంది మేస్తే?

మామ: పందులు లుక్సాన్ ‘చేసినయ్’ అంటం.

అల్లుడు: దానికి తప్పొప్పులు తెల్వయి గదా!

మామ: తెల్వయి. నడిచొచ్చింది గదా, సాలు.

అల్లుడు: మరి మొలవని విత్తనం అమ్మినోడు?

మామ: లుక్సాన్ ‘అయింది’ అనే అంటం.

అల్లుడు: ఎందుకు? వాడూ కాళ్లున్నోడే గదా?

మామ: రశీదు దొరికితే గట్టిగ అడుగుతం. దొరకకుంటే, మళ్ల మందుబస్తా వాని దుకాణంలనే ఉద్దెరకు తెచ్చుకోవాలె. ‘చేసిండు’ అననీకె నోరెట్ల వస్తది?