బోధయు భిక్షయు

ఆదోని కోటకొండల నీడనుండి బయలుదేరి, ఎమ్మిగనూరు మీదుగా తుంగభద్రాతీరమందలి మంత్రాలయమువరకు సాగు ఈ మెట్టసీమలో వారమునందలి దినములన్నియు దైవములకు పంచి పెట్టబడినట్లుండును. సోమవారము ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరునిది, గురువారము రాఘవేంద్రస్వామిది, శుక్రవారము మధ్యాహ్నము ఆదోని జామియా మసీదులో జుమ్మా నమాజు, శనివారము రణమండల కొండమీది ఆంజనేయుని దర్శనము, ఆదివారము ఉదయమున చర్చి ఆరాధన. కౌతాళము ఖాదర్‌లింగస్వామి దర్గాలో మ్రొక్కువారిలో ఎవరు ఏ మతమువారో గుర్తించుట కష్టము. అయినను ఈ నమ్మకములలో పెక్కులు ఈ నల్లరేగడి నేలనుండి పైరువలె మొలిచినవి కావు. ఎవరో ఒకరు ఎక్కడినుండియో నడచి వచ్చి, పిలువని వాకిట నిలిచి, వినుమని చెప్పగా వచ్చినవే. జంగమదేవరలు వచ్చిరి, హరిదాసులు వచ్చిరి, ఫకీరులు వచ్చిరి, బళ్లారినుండి పాదిరులు వచ్చిరి. తాను సత్యమని నమ్మినదానిని పరుల వాకిటికి మోసికొనిపోవు అధికారము మనుష్యునకు ఎట్లు సిద్ధించును? అది ఎప్పుడు ధర్మమగును, ఎప్పుడు ఆక్రమణమగును? ఇన్ని బోధలు విన్న సీమలో నివసించువారికి ఈ ప్రశ్న పుస్తకములలోని ప్రశ్న కాదు.

దీనిని విచారించుటకు ముందుగా మనకు మిక్కిలి దూరముననున్న ఒక యువకుని జీవితమును చూతము. 1830వ సంవత్సరమున అమెరికాలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన సమాజము, లోకము మార్మనులని వ్యవహరించు సమాజము, తన యువకులను నూనూగు మీసముల ప్రాయముననే మతప్రచారమునకు పంపుచున్నది. పురుషులకు కనీస వయస్సు 2012వ సంవత్సరమునుండి 18 ఏండ్లు, సేవాకాలము రెండేండ్లు. ఏ దేశమునకు పోవలెనో, ఏ భాష నేర్వవలెనో నిర్ణయించునది సమాజమే. యువకుడు కోరుకొనుటకు వీలులేదు. స్పానిషు భాషకు నియుక్తుడైనవాడు యూటా రాష్ట్రమునందలి ప్రోవో వంటి శిక్షణకేంద్రములో కొన్ని వారములు అభ్యసించి, మెక్సికోకో, పెరూకో, లేక తన దేశముననే కాలిఫోర్నియా, టెక్సాసు రాష్ట్రములలో స్పానిషు మాటలాడు శ్రామికులుండు పేటలకో చేరును. జీతము లేదు, తాను కూడబెట్టుకొన్న సొమ్మో, తలిదండ్రులు పంపు సొమ్మో అతనికి జీవనాధారము. ఒంటరిగా సంచరింపరాదు, సమాజము నియమించిన సహచరునితోనే వసింపవలెను, నడువవలెను, బోధింపవలెను.

అతని వారము కఠినమైన క్రమము గలది. తెల్లవారగనే లేచి గ్రంథపఠనము, సహచరునితో పాఠము, పిమ్మట భాషాభ్యాసము. తరువాత వీథులవెంట నడక, తలుపు తట్టుట, పిలిచినవారి యింట కూర్చుండి మాటలాడుట, పనిలో నలిగినవారికి చేతనైన సాయము చేయుట. ఆదివారము ఆరాధన. వారమునకొక దినము మాత్రము, సాధారణముగా సోమవారము, అతనికి విడిచిపెట్టబడును. బట్టలుదుకుకొనుట, సరకులు తెచ్చుకొనుట, ఇంటికి ఉత్తరము వ్రాయుట ఆనాటి పనులు. ఇంటివారితో వారమువారము ఫోనులో మాటలాడుటకు 2019వ సంవత్సరమునుండి మాత్రమే అనుమతి కలిగినది. అంతకుముందు కన్నతల్లి గొంతు వినుటకు ఏడాదిలో ఒకటి రెండు పర్వదినములకై వేచియుండవలసినదే. పలువురు తలుపు మూయుదురు. కొందరు విని మరల రావలదందురు. కొందరు మతమును అంగీకరింపకయే అన్నము పెట్టుదురు.

ఆ సమాజపు సిద్ధాంతములను తక్కిన క్రైస్తవులే పలువురు అంగీకరింపరు. వాటి సత్యాసత్యములను తూచుట నా ఉద్దేశము కాదు. నన్నాకర్షించినది ఆ యువకుని నిలుకడ. బోధింప వచ్చినవాడు మొదటినాటినుండియు శిష్యుడై యున్నాడు. తన దేశమున అధికారభాషయైన ఇంగ్లీషులో ధారాళముగా వాదింపగలవాడు, పొలములో పండ్లు కోసి వచ్చిన శ్రామికుని ముంగిట తడబడుచు, ఆ యింటి పసివాడు క్రియాపదమును దిద్దగా సిగ్గుపడి మరల చెప్పుకొనుచు, ఆ గృహిణి వడ్డించిన దానితో ఆకలి తీర్చుకొనుచున్నాడు. నిత్యము యజమానుల యెదుట, కార్యాలయముల యెదుట తన వంకరమాటకు చిన్నబోవు వలసకూలి, ఆ ఒక్క ఘడియలో భాషకు గురువై, అన్నమునకు దాతయై నిలుచుచున్నాడు.

ఈ సన్నివేశము మనకు అపరిచితమైనది కాదు. వానలు తప్పిన ఏటనేగాక, తప్పని ఏటనుగూడ, ఖరీఫు ముగిసినతోడనే కోసిగి, కౌతాళము, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతముల పల్లెలనుండి కుటుంబములకు కుటుంబములే సుగ్గికి పోవును. గుంటూరు వైపు మిరపతోటలలో గుడిసెలు వేసికొని, కాయలు కోసి, ఎండలు ముదిరిన పిమ్మట తిరిగివచ్చును. ఆ నెలలలో ఊరిలో తాళము వేసిన తలుపులు, ముసలివారు, బడిపిల్లలు మాత్రమే కనబడుదురు. అట్టివారి వాకిట నిలిచి వారి పలుకుబడిని నేర్చుకొని మాటలాడుటకు వచ్చువాడెవడైనను, ఏ మతమువాడైనను, ముందుగా వారిని మనుష్యులుగా గుర్తించిన వాడగును. తమ సొంత మతముయొక్క పెద్దలే ఎన్నడును తొక్కని గుడిసెలో ఒక అన్యమతస్థుడు చాపమీద కూర్చున్నచో, ఆ రాకను నిందించుటకు ముందు మన రాకపోకలను లెక్కచూచుకొనుట న్యాయము.

బోధకుడు గృహస్థునకు ఋణపడవలెననునది మనకు మొదటినుండియు కలిగిన ధర్మమే. ఆలూరు ప్రాంతమునందలి చిప్పగిరిలో 1755వ సంవత్సరమున దేహము చాలించిన విజయదాసులు మాన్వి తాలూకా చీకలపర్వి గ్రామమున పేదయింట పుట్టినవారు. మధ్వసిద్ధాంతమును సంస్కృతమెరుగనివారికి కన్నడపాటలలో అందించిన దాసపరంపరకు ఆయన పెద్దదిక్కు. ఈ దాసుల వృత్తికి మధుకరమని పేరు: ఇంటింట కొంచెము కొంచెముగా స్వీకరించుచు, ఏ యింటికిని భారము కాకుండ, పాడుచు పోవుట. వారు పంచినది హరినామము; పుచ్చుకొన్నది గుప్పెడు బియ్యమో, జొన్నలో. పెట్టనివారిని శపింపరు, పెట్టినవారిని మతము మార్చుకొమ్మని నిర్బంధింపరు.

ఆ పరంపరలోనే జగన్నాథదాసుల కథ చెప్పుకొందురు. ఆయన పూర్వాశ్రమమున శ్రీనివాసాచార్యులను సంస్కృతపండితుడు. కన్నడపాటలు పాడుకొనువారియెడ చులకనభావము గలవాడు. విజయదాసులు భోజనమునకు పిలువగా కడుపునొప్పియని మిషచెప్పి పోలేదనియు, ఆ నొప్పి నిజమై పీడింపగా విజయదాసుల ఆనతిమేరకు ఆయన శిష్యులైన గోపాలదాసుల పాదములాశ్రయించి, ఆయన పెట్టిన జొన్నరొట్టెతో స్వస్థత పొందెననియు, గోపాలదాసులు తమ ఆయుస్సులో 40 సంవత్సరములు ఆయనకు ధారపోసిరనియు పరంపర చెప్పుచున్నది. కథలోని అద్భుతమును నమ్మినను నమ్మకున్నను దానిలోని నీతి స్పష్టము. ఎంతటి పండితునికైనను బోధించు అర్హత పాండిత్యమువలన రాలేదు. తాను చులకనచేసిన వారి చేతిరొట్టెను తలవంచి పుచ్చుకొన్న పిమ్మటనే వచ్చినది. అటుపిమ్మట ఆయన వ్రాసిన హరికథామృతసారము కన్నడములోనే వెలసినది.

ఇక్కడ నాకొక సూత్రము స్ఫురించుచున్నది. బోధ ఒక దిక్కుగా ప్రవహించుచున్నప్పుడు ధాన్యము ఎదురుదిక్కుగా ప్రవహింపవలెను. బోధకుడు సత్యమిచ్చి అన్నము పుచ్చుకొన్నంతవరకు ఇరువురును సమానులు. శ్రోత నిర్భయముగా కాదనగలడు, ఏలయన అతడు కాదన్నందున అతని కుండలోని గింజ తరుగదు. అట్లుగాక బోధయు ధాన్యమును ఒకేచేతినుండి ఒకేదిక్కుగా ప్రవహించెనా, అవునన్న మాట హృదయమునుండి వచ్చినదో, ఆకలినుండి వచ్చినదో చెప్పినవానికే తెలియకపోవచ్చును.

ఈ సూత్రముతో మన సీమ చరిత్రను చూచినచో కొన్ని సంగతులు వేరొక వెలుగులో కనబడును. నిజాము ఈ జిల్లాలను 1800వ సంవత్సరమున కుంఫిణీకి దత్తము చేసెను; పదేండ్లకు, 1810లో, లండన్ మిషను పక్షమున జాన్ హాండ్సు బళ్లారికి వచ్చెను. అటు తరువాత ఆదోని, ఆలూరు తాలూకాలు 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడువరకు బళ్లారి జిల్లాలోనివే. హాండ్సు కన్నడము నేర్చి బైబిలును ఆ భాషలోనికి తెచ్చుటకు ఏండ్లతరబడి శ్రమించెను. తెలుగులో మొదటి సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చైనవి. అవి విశాఖపట్టణమున డెస్‌గ్రాంజెస్ దొరయు, ఆనందరాయరను బ్రాహ్మణక్రైస్తవుడును కలిసి చేసినవి. మార్మను గ్రంథభాగములు స్పానిషులోనికి వచ్చినదియు ఇట్లే. స్పెయిను దేశీయుడైన మెలిటోన్ ట్రెహో తన భాషను అరువిచ్చినగాని 1876లో మెక్సికోకు పోయిన ప్రచారకుల చేతిలో ఒక పుటయైన ఉండెడిది కాదు. బోధకుని వెనుక రాజ్యాధికారపు నీడ ఉన్నను, భాషవద్ద మాత్రము అతడు యాచకుడే. ఆ యాచనలో అతడు గడిపిన ఏండ్లే అతని కృషిలో మిక్కిలి నిర్మలమైన భాగమని నా నమ్మకము.

కాని 1876-78 సంవత్సరముల మహాక్షామము వచ్చినప్పుడు ధాన్యము దిక్కు మారెను. బళ్లారి, కర్నూలు జిల్లాలు దానిచేత ఘోరముగా దెబ్బతిన్నవి. అన్నము పెట్టగలవాడే దైవమును చెప్పువాడైన ఆ కాలమున ఒంగోలులో బాప్టిస్టు మిషనరి జాన్ క్లౌ చేసిన పని గుర్తుంచుకొనదగినది. బకింగ్‌హామ్ కాలువపనిని కంట్రాక్టు పట్టి వేలమందికి కూలి చూపిన ఆయన, కరవు సహాయము జరుగుచున్నంతకాలము బాప్తిస్మములు నిలిపివేసెను. తరువాత 1878 జూలై 3న ఒక్కదినముననే 2,222 మందికి బాప్తిస్మ మీయబడినది. ఆ సంఖ్య లోకమును ఆశ్చర్యపరచినది. నాకు మాత్రము అంతకుముందటి నిగ్రహమే గొప్పదిగా తోచుచున్నది. ఆకలికిని విశ్వాసమునకును నడుమ కొంత కాలమును అడ్డముగా నిలుపవలెనని అతని అంతరాత్మకు తోచినది. ఆ అడ్డము చాలినదా లేదా అని చరిత్రకారులు వాదింతురు గాక. అడ్డము ఉండవలెననుటలో వాదము లేదు.

అన్నము పెట్టువాడే దైవమును చెప్పిన ఆ స్థితికి పూర్తిగా ఎదురైన దృష్టాంతము మన ఆదోనిలోనే కలదు. బిజాపురపు సుల్తానుల పక్షమున ఆదోనినేలిన సిద్ది మసూద్‌ఖాను ఈ ఊరి జామియా మసీదును కట్టించినవాడు. అతడే రాఘవేంద్రస్వామికి మంచాల గ్రామమును సమర్పించెనని మఠపరంపర చెప్పును. ఆ మంచాలయే నేటి మంత్రాలయము. స్వామి 1671లో అక్కడ బృందావనప్రవేశము చేసిరి. నవాబు స్వామికి గ్రామమిచ్చియు ముసల్మానుగానే యుండెను. స్వామి గ్రామము పుచ్చుకొనియు అతనిని మాధ్వుడవు కమ్మనలేదు. మహిమను చూచి గౌరవించుటకు మతము విడువనక్కరలేదనునది ఆ దానములోని అర్థము.

అయినచో ఎవరి మతమున వారుండగా ఒకరు మరియొకరికి చెప్పుటయే అనవసరమని కొందరందురు. ఈ మాట వినుటకు శాంతముగా ఉన్నను నేను దానిని అంగీకరింపజాలను. తనకు ప్రాణప్రదమైన వెలుగును పొరుగువానికి చూపకుండుట కొన్నిసార్లు గౌరవము కావచ్చును. కాని పెక్కుసార్లు అది ఉపేక్షయే. విజయదాసులు సంస్కృతజ్ఞుల నడుమ మౌనముగా నుండినచో మాన్వి, ఆదోని పల్లెలలోని రైతుకు మధ్వుని మాట చేరియుండెడిది కాదు. మన రాజ్యాంగము 25వ అధికరణమున మతమును ప్రచారము చేయు హక్కును ఒప్పుకొన్నది; 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ఆ హక్కు పరులను మతాంతరము చేయు హక్కు కాదని నిర్ణయించినది. చట్టము గీచిన ఈ గీత అవసరమైనదే. కాని బలవంతము, మోసము, ప్రలోభము లేకున్న చాలునని చట్టము తృప్తిపడును. ధర్మము అంతటితో తృప్తిపడదు. నీవు పోయిన యింటికి నీవు ఏమి ఋణపడితివని అది అడుగును.

ఆ ప్రశ్నకు ఉత్తరముగా మన తెలుగువారిలోనే ఒక దంపతులు కనబడుచున్నారు. సమోవా దీవులలో నివసించుచు మార్మను మతము స్వీకరించిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు 1978 డిసెంబరులో ప్రచారకులుగా హైదరాబాదునకు వచ్చి తమ బంధుమిత్రులలో 22 మందికి బాప్తిస్మ మిప్పించిరి. ఎల్సీ తండ్రి బాప్టిస్టు బోధకుడు. మార్మను గ్రంథమును తెలుగుచేయు పనికి పూనుకొన్నవాడు ఆయనయే. 2012లో ఆ నగరమున భారతదేశమునందలి వారి మొదటి స్టేకు, అనగా పెక్కు స్థానిక సంఘములను కూర్చిన విభాగము, ఏర్పడినది. అంతకు 150 ఏండ్లకు పైబడి, 1850ల దశకమున, కలకత్తాకును మద్రాసునకును వచ్చిన ఆ సమాజపు తెల్లప్రచారకులు కొలది సంవత్సరములలోనే నిరాశతో మరలిపోయిరి. వారికి ఈ నేల ఋణము లేదు. ధర్మరాజు దంపతులకో, ఆ యిండ్లలో తిన్న అన్నము, ఆడిన మాట, మోసిన బాంధవ్యము అన్నియు పూర్వమే ఋణములై యుండెను. స్పానిషు పేటలో ఆ యువకుడు రెండేండ్లు నడచి నడచి కొంచెముగా సంపాదించు దానిని వారు పుట్టుకతోనే పొందియుండిరి.

కావున నా నిర్ణయమిది. పరుల వాకిటికి మతమును తీసికొనిపోవు అధికారము గ్రంథము ఈయజాలదు, సంఖ్య ఈయజాలదు, ధనము అసలే ఈయజాలదు. ఆ వాకిట యాచకుడై నిలిచి, భాషయో అన్నమో కాలమో స్వీకరించి, కాదన్న మాటను దీవెనతో పుచ్చుకొని పోగలవానికే అది సిద్ధించును. గృహస్థునకును ఇందులో ఒక ధర్మము కలదు. వచ్చినవాడు మన దేవుని దూషింపనంతవరకు, మన పేదరికమును బేరము పెట్టనంతవరకు, అతనికి నీడయు నీరును ఇచ్చి, మనకు తెలిసినది మనమును చెప్పవలెను. వినుటకు భయపడు విశ్వాసము ఇంకను దృఢపడని విశ్వాసము. చెప్పుటకు మాత్రమే నేర్చి వినుట నేర్వని విశ్వాసమును అట్టిదే. జంగముని, దాసుని, ఫకీరుని, పాదిరిని ఒకే అరుగుమీద కూర్చుండబెట్టిన ఈ సీమకు, ఇక ముందు వచ్చువారినిగూడ అదే కొలతతో కొలుచు హక్కును, కొలువవలసిన బాధ్యతయు కలవు.