తెలియక చేసిన కీడు

తెలియక చేసిన కీడునకు మనుష్యుడు బాధ్యుడగునా? ఈ ప్రశ్న ధర్మచింతన యెంత పురాతనమో అంత పురాతనమైనది. నీతిపాఠములు చెప్పునపుడు తరగతి గదిలో నేనును దీనిని పలుమారు అడిగితిని. విద్యార్థుల సమాధానములు విని, సరిదిద్ది, గంట మ్రోగగానే బయటకు వచ్చెడివాడను. అప్పటికి అది నా గుండెకు తగిలిన ప్రశ్న కాదు. 2021వ సంవత్సరమున తగిలినది.

ప్రతి ఉగాదికిని, నాకు తెలుగు చెప్పిన గురువుగారి యింటికి పోయి నమస్కరించి వచ్చుట నా అలవాటు. ఆ యేడు ప్లవ నామ సంవత్సరాది ఏప్రిలు 13న వచ్చినది. గురువుగారికి ఎనుబది యేండ్లు దాటినవి. టీకా మొదటి మోతాదు మాత్రమే పడియుండెను. ముందటి రాత్రి నుండి నా గొంతులో కొద్దిపాటి గరగర యుండెను. ఎండన తిరిగినందువలన కాబోలునని సరిపెట్టుకొంటిని. కోవిడు రెండవ విజృంభణము అప్పటికే మొదలైనది. పత్రికలలో ప్రతిదినము చదువుచునే యుంటిని. అయినను, వారు ఎదురు చూచుచుందురని బయలుదేరితిని. తలుపులు మూసిన చిన్న గదిలో, వారికి వినబడుటకై మాస్కును గడ్డము క్రిందికి లాగుకొని, గంటసేపు బిగ్గరగా మాటలాడితిని. మూడవనాడు నాకు జ్వరము వచ్చినది. పరీక్షలో కోవిడు అని తేలినది. ఆ వారములోనే గురువుగారును మంచము పట్టిరి. మే మొదటి వారమున కన్నుమూసిరి.

వారికి వ్యాధి నా వలననే సోకినదని నిరూపించుట ఎవరి వశమును కాదు. పండుగనాడు ఆ యింటికి మరి నలుగురు వచ్చిపోయిరి. నా వలన కాదని నిరూపించుటయు ఎవరి వశమును కాదు. పదునైదు దినములకు నేను కోలుకొని పోగా గురుపత్ని నన్ను చూచి, "ఎవరి నుంచి వచ్చిందో ఎవరికి తెలుసు నాయనా! నువ్వు మనసు కష్టపెట్టుకోకు" అనిరి. ఆమె నన్ను క్షమించిరి. కాని క్షమ లభించినంత మాత్రమున ప్రశ్నకు సమాధానము లభించినట్లు కాదు.

లోకములో సాధారణముగా చెప్పబడు సమాధానమొకటి కలదు. ఉద్దేశము లేనిచోట దోషము లేదు అని. ఇందు సత్యము లేకపోలేదు. అయితే ఎంత సత్యము కలదో పరీక్షింపవలెను. అందులకు వైద్యచరిత్రలోని ఒక ఘట్టము ఉపకరించును.

19వ శతాబ్ది మధ్యమున వియన్నా నగరపు పెద్ద ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగములుండెను. మొదటిదానిలో వైద్యులును వైద్యవిద్యార్థులును, రెండవదానిలో మంత్రసానులును కాన్పులు చేసెడివారు. మొదటి విభాగమున బాలింతజ్వరముతో మరణించువారి సంఖ్య మిక్కిలి హెచ్చు. కారణమేమో ఎవరికిని తెలియదు. సెమ్మెల్‌వైస్ అను యువ వైద్యుడు 1847లో ఆ కారణమును పట్టుకొనెను. వైద్యులు శవపరీక్ష చేసిన చేతులతోనే నేరుగా ప్రసూతి గదికి వచ్చుచుండిరి. మంత్రసానులకు శవములతో పని లేదు. అతడు అందరును క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో చేతులు కడుగుకొని తీరవలెనని నియమము పెట్టెను. ఆ యేటి ఏప్రిలులో నూటికి పదునెనిమిదికి మించియున్న మరణములు జూను నాటికి నూటికి రెండు ప్రాంతమునకు దిగివచ్చెను.

ఈ కథలో మూడు దశలు కలవు. కారణము తెలియక ముందు వైద్యుల చేతులమీదుగా ఎందరో తల్లులు మరణించిరి. ఆ వైద్యులను హంతకులనుట న్యాయము కాదు. కారణము తెలిసిన పిదప సెమ్మెల్‌వైస్ తన చేతులను తాను నిందించుకొనెను. తెలియక చేసినదానికిని దుఃఖించుట ఉత్తముల లక్షణము. ఇక మూడవది, కారణము తెలియజెప్పినను నమ్మక, తమ చేతులు మలినములనుట తమకు అవమానమని భావించి, మార్పునకు అంగీకరింపని వారి దశ. వారికి "తెలియదు" అను మాట ఆశ్రయము కాజాలదు. తెలిసికొనుటకు నిరాకరించుట తెలియకపోవుటతో సమానము కాదు.

మరి నేను ఏ దశకు చెందినవాడను? నాకు వ్యాధి కలదని ఆనాడు నాకు తెలియదు, నిజమే. కాని లక్షణములు బయటపడుటకు ఒకటి రెండు దినములు ముందుగనే ఈ వ్యాధి ఇతరులకు సోకగలదని, కొందరిలో లక్షణములే యుండవని 2021 నాటికి లోకమంతయు ఎరుగును. నేను బడిపిల్లలకు చెప్పియుంటిని కూడ. అనగా, వ్యాధి నాకు తెలియకుండ నాలో ఉండవచ్చునను సంగతి నాకు తెలియును. "నాకు తెలియదు" అని నేను నిజాయితీగా చెప్పగల కాలము అప్పటికే గడచిపోయినది.

మన ప్రాచీన వైద్యగ్రంథమైన చరకసంహితలో, విమానస్థానమున, జనపదములను నాశనము చేయు వ్యాధులను గూర్చి ఒక అధ్యాయము కలదు. మనుష్యుల ప్రకృతి, ఆహారము, బలము, వయస్సు వేరువేరుగా నుండగా ఒకే వ్యాధి ఒకే కాలమున అందరిని ఏల కూల్చుచున్నదని అగ్నివేశుడు ఆత్రేయుని అడుగును. గాలి, నీరు, నేల, కాలము అందరికిని ఉమ్మడివి. అవి చెడినపుడు అందరును చెడుదురని ఆత్రేయుని సమాధాన సారాంశము. ఆ చెరుపునకు మూలము అధర్మమనియు, అధర్మమునకు మూలము ప్రజ్ఞాపరాధమనియు ఆయన చెప్పును. ఆనాటి వారికి సూక్ష్మజీవుల సంగతి తెలియదు. అయినను గాలి ఉమ్మడి సొత్తు అను ఆ మాటలో గొప్ప నీతి యున్నది. నేను విడిచిన శ్వాస నా సొంతము కాదు. అది ఎదుటివాని ఆహారము.

ప్రజ్ఞాపరాధమనగా ధీ, ధృతి, స్మృతి అను మూడును దెబ్బతిన్నవాడు చేయు పని. ఈ కొలతతో నన్ను నేను కొలిచి చూచుకొంటిని. ధీ లోపింపలేదు, మంచిచెడ్డలు తెలియును. స్మృతి లోపింపలేదు; చదివినది జ్ఞాపకమున్నది. లోపించినది ధృతి. మనస్సును నిగ్రహించు శక్తి నా యందు లేకపోయెను. ధృతిని చెరచునవి కామక్రోధములని మనము వినియున్నాము. ప్రేమయు దానిని చెరుపగలదని ఆనాడు నేను తెలిసికొంటిని. గురువుగారిని చూడకుండ ఉండలేకపోవుట భక్తియే. కాని అది నా సంతోషము కోరిన భక్తి, వారి క్షేమము కోరినది కాదు.

అట్లయినచో మనుష్యులు ఒకరినొకరు తాకక, చూడక, జీవితాంతము భయముతో బ్రతుకవలెనా అని కొందరడుగుదురు. అక్కరలేదు. ఎడము వేరు, వెలి వేరు. మా బాల్యమున ఆటలమ్మ పోసిన యింటి గుమ్మమునకు వేపమండలు కట్టెడివారు. ఆ యింటివారు బయటకు రారు, బయటివారు లోనికి పోరు. అయినను ఇరుగుపొరుగు అమ్మలు మజ్జిగ, అన్నము అరుగుమీద పెట్టి, కేకవేసి పోయెడివారు. అది ఎడము. 2020లో రోగులకు సేవ చేయు నర్సులను అద్దె యిండ్ల నుండి పొమ్మన్నవారును, మృతదేహమునకు శ్మశానమున చోటీయని వారును పాటించినది వెలి. మొదటిది ఇతరుల ప్రాణమును గౌరవించుట. రెండవది తన ప్రాణమును మాత్రమే ప్రేమించుట.

ఎడము పాటించువానికి సంఘము చేయూత నీయవలెను. న్యూయార్కు నగరమున మేరీ మాలన్ అను వంటమనిషి యుండెను. ఆమెకు జబ్బు లేదు. కాని ఆమె దేహములో టైఫాయిడు క్రిములుండెను. 1907లో అధికారులు ఆమెను నిర్బంధించి, ఇక వంట చేయనను మాట తీసికొని 1910లో విడిచిరి. బట్టలుతుకు పనిలో వచ్చు కూలి వంటపనికంటె తక్కువ. ఆమె పేరు మార్చుకొని మరల వంటకే పోయెను. 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఆమె వంట వలన ఇరువదియైదుగురికి వ్యాధి సోకి, ఇద్దరు మరణించిరి. 1938లో మరణించువరకు ఆమె నిర్బంధముననే యుండెను. మాట తప్పుట ఆమె దోషమే. కాని పొట్టకూటి దారి మూసి, తగిన మరియొక దారి చూపని నగరమునకు దోషము లేదా? జ్వరము వచ్చిన కూలివానిని ఇంటిలో నుండుమని చెప్పుట సులభము. ఆ దినములలో అతని పొయ్యి వెలుగునట్లు చూచుటయే దాసోహము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కోవిడు అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించినది. వ్యాధి మాత్రము లోకము విడిచిపోలేదు. ఫ్లూ జ్వరములును ఏటేట వచ్చుచునే యున్నవి. కావున కొన్ని అలవాట్లు నిలుపుకొనుట మంచిది. దగ్గు, జ్వరము ఉన్నప్పుడు నలుగురిలోనికి పోరాదు; తప్పనిసరియైనచో ముక్కును నోటిని మూయునట్లు మాస్కు ధరింపవలెను. గదిలో కిటికీలు తెరచి గాలి ఆడనీయవలెను. సబ్బుతో ఇరువది సెకనులు చేతులు కడుగవలెను. వైద్యులు చెప్పిన టీకాలు వేయించుకొనవలెను. టీకా వ్యాధిని పూర్తిగా ఆపలేకపోయినను ప్రాణాపాయమును మిక్కిలి తగ్గించును. ఇవి పిరికితనము కాదు, మర్యాద.

ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దలు చెప్పుదురు. ఆ భాగ్యము నా ఒక్కని యింట దాచుకొనదగినది కాదని నాకు ఆలస్యముగా తెలిసినది. నేటికిని ఉగాదినాడు ఆ యింటికి పోవుచున్నాను. వెళ్లుటకు ముందు నా గొంతును, ఒంటిని పరీక్షించుకొందును. ఒక యేడు కొద్దిగా జలుబు చేసియుండగా పచ్చడి గిన్నెను అరుగుమీద పెట్టి, వాకిట నిలిచి నమస్కరించితిని. గురుపత్ని గుమ్మములో నిలిచి, "లోపలికి రావేం నాయనా?" అని అడిగిరి. "జలుబుగా ఉందమ్మా, తగ్గాక వస్తాను" అంటిని. ఆమె గిన్నెను చేతిలోనికి తీసికొని, కొంచెముసేపు నా వంక చూచి, "మంచిది నాయనా" అనిరి.

2021లో నేను చెప్పవలసియుండిన మాట అది.