మానేసే హక్కు, మరునాటి కూడు

ఒంటికి చేటు చేసే పనిని మానుకోవచ్చని ఎవరైనా చెబుతారు. మానుకున్న మరునాడు పొయ్యి ఎలా వెలుగుతుందో చెప్పకపోతే ఆ సలహాలో సగమే నిజం ఉంటుంది. ఏన్కూరు మండలం ఖమ్మం మైదానానికీ భద్రాచలం అడవికీ నడుమ ఉంది. తల్లాడ నుంచి కొత్తగూడెం వెళ్లే రోడ్డు దీని మీదుగానే పోతుంది. సంక్రాంతి దాటి మిరప పండేసరికి ఏజెన్సీ గూడేల నుంచి, ఛత్తీస్‌గఢ్ సరిహద్దుకు అవతలి నుంచి కుటుంబాలకు కుటుంబాలే మిర్చి ఏరడానికి ఈ జిల్లా చేలకు తరలివస్తాయి. చేను గట్టునో కల్లం పక్కనో గుడిసె వేసుకుంటారు. బియ్యం మూటా పిల్లలూ వెంటే ఉంటారు. మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు లెక్క అప్పటికే నడుస్తుంటుంది. తేజ రకం మిర్చి ఘాటుకు వేళ్లు మండుతాయి, కల్లంలో దగ్గు ఆగదు. అవే చేలలో అంతకుముందు నెలల తరబడి పురుగుమందు కొట్టిన కూలీలు ఉంటారు. ఇలాంటి పనిలో ఉన్న మనిషికి ఒళ్లు చెడిందనో, మాటలు పడలేననో, ఇక తన వల్ల కాదనో తెలిసిపోతే ఏం జరగాలి? నేను చెప్పదలచింది ఒక్కటే. హాని చేసే పని నుంచి బయటపడడం ఆ మనిషి హక్కయితే, మరోచోట కుదురుకునేదాకా తిండీ పైసలూ నీడా అందడం కూడా ఆ హక్కులో భాగమే. అది ఎవరో దయతలచి చేసే దానం కాదు.

ఈ మాటకు మొదటి ఆధారం మన న్యాయస్థానమే ఇచ్చింది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు 1982లో తీర్పు చెబుతూ రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమకు అర్థాన్ని విస్తరించింది. కొరడా పట్టుకుని నిలబడితేనే బలవంతం అనుకోవద్దని, ఆకలీ పేదరికమూ వేరే దారి లేకుండా చేసి మనిషిని ఆ పనిలోకి నెడితే అదీ బలవంతమేనని, కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకున్న పని నిర్బంధ శ్రమేనని తేల్చింది. ఈ తర్కాన్ని ఒక్క అడుగు ముందుకు నడిపిద్దాం. పనిలోకి నెట్టిన ఆకలే పనిలో కట్టిపడేస్తుంది కూడా. విషం పీల్చుతూ కూడా పనిలోనే ఉన్నాడంటే ఒప్పుకుని ఉన్నాడనలేం. అలాగే తట్టుకోలేక వెళ్లిపోయినవాణ్ణి చూసి తన ఇష్టంతో పోయాడు, తన పాట్లు తాను పడతాడు అనడమూ చెల్లదు. ఉండడంలో లేని స్వేచ్ఛ వెళ్లడంలో మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది?

రెండో ఆధారం వెట్టిచాకిరీ రద్దు చట్టం. 1976లో చేసి 1975 అక్టోబర్ 25 నుంచే అమల్లోకి తెచ్చిన ఈ చట్టాన్ని శ్రద్ధగా చదివితే దాన్ని రాసినవాళ్లు మానేసిన మరునాటి గురించి ఎంత ఆలోచించారో తెలుస్తుంది. నాలుగో సెక్షన్ మనిషిని విడిపించింది. ఆరో సెక్షన్ అతని మెడకున్న వెట్టి బాకీని రద్దు చేసింది. ఎనిమిదో సెక్షన్ విడుదలైనవాణ్ణి అతను ఉంటున్న ఇంటి నుంచి వెళ్లగొట్టకూడదంది. పదిహేనో సెక్షన్, అది వెట్టి బాకీ అని కూలి అంటే, కాదని రుజువు చేసే భారాన్ని బాకీ ఇచ్చినవాడి మీదే పెట్టింది. అయినా ఇవి చాలవని 1984లో నీరజా చౌదరి కేసులో సుప్రీంకోర్టు గుర్తుచేసింది. విడిపించి పునరావాసం చూపకపోతే ఆ మనుషులు మళ్లీ అదే చాకిరీలోకి జారిపోతారని హెచ్చరించింది. 2016లో సవరించిన కేంద్ర పథకం వయోజన పురుషుడికి లక్ష, మహిళలకూ పిల్లలకూ 2 లక్షలు, అక్రమ రవాణా వంటి ఘోర దోపిడీకి గురైనవాళ్లకు 3 లక్షల రూపాయలుగా సాయాన్ని నిర్ణయించింది. వెంటనే ఇచ్చే సాయం తర్వాత 30 వేల దాకా పెరిగింది. ప్రతి జిల్లాలోనూ కనీసం 10 లక్షల నిధి ఉండాలని కూడా అదే పథకం చెప్పింది. అంటే హాని నుంచి బయటపడ్డ మనిషికి మధ్యకాలపు బతుకుతెరువు చూపడం తన బాధ్యతేనని ప్రభుత్వం సూత్రంగా ఏనాడో అంగీకరించింది.

చిక్కల్లా ఆ అంగీకారం ఎక్కడ ఆగిపోయిందన్నదే. మెడకు బాకీ ఉరి పడ్డాకే చట్టం కదులుతుంది. ఆ మెట్టుకు ఒక్క మెట్టు ఇవతల ఉన్న హాని ఎంత పెద్దదైనా దాని లెక్కలోకి రాదు. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటల మీద విరుచుకుపడ్డాక మందు మీద మందు కొట్టడం తప్పనిసరైంది. పురుగుమందులు మనిషిని ఏం చేయగలవో 2017లోనే మహారాష్ట్రలోని యవత్మాల్ చూపింది. పిచికారీ చేసిన రైతులూ కూలీలూ ఇరవై మందికి పైగా అక్కడ చనిపోయారు. తలతిప్పుడూ వాంతులూ చూసి ముందే భయపడి పని మానేసిన కూలికి ఈ దేశంలో ఏ భృతీ లేదు. పోనీ ఫ్యాక్టరీ కార్మికుడి సంగతి చూస్తే, ఈఎస్ఐ కింద 2018 జూలైలో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన నిరుద్యోగికి 90 రోజుల దాకా భృతి ఇస్తుంది. సగటు వేతనంలో 25 శాతంగా ఉన్న ఆ భృతి 2020 మార్చి నుంచి 50 శాతమైంది. అయితే తనంతట తాను ఉద్యోగం వదిలేసినవాళ్లను ఆ పథకం పక్కన పెట్టింది. ఎందుకు వదిలేశావని అడిగే ఏర్పాటే అందులో లేదు. యజమాని వెళ్లగొడితే దక్కే సాయం, ప్రాణం కాపాడుకుందామని ముందే బయటికొస్తే దక్కదు. ఒళ్లు పూర్తిగా పాడయ్యేదాకా, లేదంటే గెంటేసేదాకా ఆగమని చెప్పే నియమం ఇది.

ప్రపంచమంతా ఇలాగే ఉందనీ అనలేం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1952లో చేసిన 102వ ఒడంబడిక, సరైన కారణం లేకుండా స్వచ్ఛందంగా మానేసినప్పుడు నిరుద్యోగ భృతి ఆపవచ్చంది. కారణం సరైనదైతే ఆపే వీలు లేదనే దాని భావం. 1981 నాటి 155వ ఒడంబడిక, ప్రాణానికో ఆరోగ్యానికో తీవ్రమైన ప్రమాదం ముంచుకొచ్చిందని నమ్మడానికి తగిన ఆధారముండి పని నుంచి పక్కకు తప్పుకున్న కార్మికుడికి శిక్ష పడకూడదంది. జర్మనీలో ఊరికే ఉద్యోగం మానేసినవాళ్లకు సాధారణంగా 12 వారాలు భృతి ఆపుతారు. బలమైన కారణం చూపితే ఆ ఆపుదల ఉండదు. కారణం అడగడం, విని తూకం వేయడం, ఆ తర్వాత నిర్ణయించడం ఎక్కడైనా సాధ్యమే. మన రాజ్యాంగం 41వ అధికరణం కూడా నిరుద్యోగంలో, జబ్బులో ప్రభుత్వ సాయం అందేలా చూడమంటోంది. ఆ నిరుద్యోగం యజమాని వల్లే రావాలని అందులో ఎక్కడా లేదు.

పని మానడంతో పాటు ఊరు మారడం ఎందుకు తప్పదో ఈ సరిహద్దు ప్రాంతంలో స్పష్టంగా కనిపిస్తుంది. గుడిసె ఉన్నది యజమాని చేను గట్టున. బియ్యం అప్పు ఇచ్చిన దుకాణదారు అతనికి తెలిసినవాడు. అడ్వాన్సు ఇచ్చిన మేస్త్రి పక్క ఊరి చేలకూ కూలీలను పంపేవాడే. పనిని వదిలిన మనిషి ఆ ఊళ్లో ఉండలేడు. కదిలిన క్షణం నుంచి మరో గోడ అడ్డొస్తుంది. మన సంక్షేమమంతా చిరునామాకు ముడిపడి ఉంది. 2014లో కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలు పోలవరం ప్రాజెక్టు కారణంగా ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అంతకుముందు ఏడాది ఆ ఊళ్ల నుంచి ఏన్కూరు వైపు కూలికొచ్చిన మనిషి సొంత జిల్లా మనిషి. మరుసటి ఏడాది అదే మనిషి పొరుగు రాష్ట్రపు వలస కూలి. 2016 అక్టోబర్‌లో ఖమ్మం జిల్లా చీలి ఏన్కూరు ఖమ్మంలో ఉండగా, పక్కనే ఉన్న జూలూరుపాడు భద్రాద్రి కొత్తగూడెంలోకి వెళ్లింది. అడుగు కదపకుండానే మనుషుల కార్యాలయాలు మారిపోయాయి. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం హింసకు భయపడి భద్రాచలం అడవుల్లోకి వచ్చిన గుత్తికోయ గిరిజనుల సంగతి మరీ కష్టం. వలస వెళ్లిన రాష్ట్రంలో సొంత రాష్ట్రపు గిరిజన హోదా చెల్లదని సుప్రీంకోర్టు 1990లో తీర్పు చెప్పింది. సరిహద్దు దాటగానే అదే తెగ మనిషి చేతిలోని కాగితం విలువ పోగొట్టుకుంటుంది.

అయినా హక్కు మనిషి వెంట నడవగలదని రుజువు చేసిన ఏర్పాటు కూడా ఇక్కడిదే. 2019 ఆగస్టులో దేశంలో మొదటిగా రేషన్ కార్డును పొరుగు రాష్ట్రంలో వాడుకునే వీలు రెండు జంటల రాష్ట్రాల మధ్య వచ్చింది. అందులో ఒక జంట తెలంగాణ, ఆంధ్రప్రదేశ్. కరోనా కాలంలో వలస కూలీల గోస చూశాక, 2021 జూన్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలూ దాన్ని జూలై 31లోగా అమలు చేయాలని ఆదేశించింది. వేలిముద్ర వేసి కూనవరం కార్డు మీద ఖమ్మంలో బియ్యం తెచ్చుకోవడం సాధ్యమైనప్పుడు, భృతీ బడీ అంగన్‌వాడీ కూడా అలా వెంట రావడం అసాధ్యమని ఎవరనగలరు? 2005 నాటి ఉపాధి హామీ చట్టం అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని రాసింది. ఆ హామీ కూడా సొంత పంచాయతీలో ఉన్నవాళ్లకే అందింది. బియ్యానికి తెగిన ముడి మిగతావాటికీ తెగాలి.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో మొదటిది, ఇలా ఇస్తే చిన్న మాటకే పని మానేసి భృతి తింటూ కూర్చుంటారన్నది. సగం వేతనం కోసం పూర్తి వేతనాన్ని వదులుకుని, గుడిసె పీకి, పిల్లలను వెంటేసుకుని తెలియని ఊరికి పోయేవాడు సోమరి కాడు. ఇల్లు కదలడమే అన్నిటికంటే ఖరీదైన రుజువు. మోసం బొత్తిగా జరగదని నేను అనను. దానికి గడువూ విచారణా ఉండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు రాసిన చీటీ, తోటి కూలీల మాట, వేతనం లెక్క చాలు. వెట్టి చట్టం అనుమానపు లాభాన్ని బలహీనుడికిచ్చింది. అదే న్యాయం ఇక్కడా సరిపోతుంది. నలుగురు అనర్హులకు మూడు నెలల భృతి పోతే ప్రజాధనం కొంత నష్టం. అర్హుడైన ఒక్కడికి అందక మందు ట్యాంకు మళ్లీ వీపుకెత్తుకుంటే పోయేది ప్రాణం.

రెండో అభ్యంతరం బరువైనది, దాన్ని తేలిగ్గా దాటకూడదు. ఈ చేలు చాలావరకు పెద్ద దొరలవి కావు. కౌలుకు తీసుకుని, విత్తనానికీ మందుకూ అప్పు చేసి మిరప వేసిన రైతు ఇక్కడి యజమాని. పండిన కాయ ఏరే మనుషులు మధ్యలో వెళ్లిపోతే అతని ఏడాది కష్టం చేలోనే పాడవుతుంది. 2017 ఏప్రిల్‌లో ధర పడిపోయి ఖమ్మం మిర్చి యార్డులో రైతులు తిరగబడ్డారు. అరెస్టయిన రైతులను బేడీలతో కోర్టుకు తెచ్చిన దృశ్యాన్ని రాష్ట్రమంతా చూసింది. ఆ రైతు మీదే ఈ ఖర్చు వేయమనడం అన్యాయం. కానీ రైతు బాధ నిజమైనంత మాత్రాన కూలి ఊపిరితిత్తులు ఆ నష్టానికి పూచీకత్తు కావు. ఇద్దరూ నష్టపోయే చోట ఇద్దరికీ బయటి నుంచి ఆసరా కావాలి. అందుకే ఈ భారం ప్రజానిధి మీద ఉండాలంటున్నాను. ముసుగూ చేతి తొడుగులూ ఇచ్చి, మందు కొట్టే గంటలు తగ్గించి, కూలి చేతికిచ్చే రైతు దగ్గర మనుషులు నిలుస్తారు. వెళ్లిపోయే వీలున్న చోటే పని బాగుపడుతుంది. ఎవరూ కదలలేని చోట దాన్ని బాగుచేయాల్సిన అవసరం ఎవరికీ కనిపించదు.

మూడోది అభ్యంతరం కంటే నమ్మకం అనదగ్గది. తిన్న ఉప్పుకు విశ్వాసంగా ఉండాలని, ఓర్చుకున్నవాడే మంచి మనిషని మనలో లోతుగా నాటుకుపోయింది. ఓర్పు గొప్ప గుణమే. పంట కోసం ఎండలో నిలబడడం ఓర్పు, జబ్బుపడ్డ తల్లిని ఏళ్ల తరబడి చూసుకోవడం ఓర్పు. కానీ ఓర్పుకు విలువ వచ్చేది వదిలేసే దారి ఉండి కూడా నిలబడినప్పుడు. దారి లేనివాడి మౌనాన్ని ఓర్పని పొగడడం అతనికి జరిగిన అన్యాయాన్ని గుణంగా మార్చి చూపడమే. ఉప్పు బాకీ కూడా రోజూ చెమటతో తీరిపోతూనే ఉంది. ప్రాణంతో తీర్చమనే హక్కు ఏ ఉప్పుకూ లేదు.

చేయాల్సినవి పెద్ద కలలేం కావు. వెట్టి చట్టం ప్రకారం జిల్లాలోనూ డివిజన్‌లోనూ ఉండాల్సిన విజిలెన్స్ కమిటీలు వెట్టితో పాటు ఒంటికి హాని జరిగి పని వదిలినవాళ్ల ఫిర్యాదూ వినాలి. జిల్లా పునరావాస నిధి నుంచి ఒకటి రెండు నెలల కూలి వాళ్లకు వెంటనే అందాలి, కదిలిన ఊరిలోనే అందాలి. మేస్త్రి అడ్వాన్సు పేరుతో మూటాముల్లె పట్టుకుని ఆపడాన్ని నేరంగా చూడాలి. ఈఎస్ఐ పథకం మానేసిన కారణం అడగడం నేర్చుకోవాలి. వీటిలో దేనికీ కొత్త న్యాయసూత్రం అక్కర్లేదు. 1976లో మెడ మీది బాకీకి వర్తింపజేసిన సూత్రాన్ని ఊపిరితిత్తుల్లోని విషానికీ వర్తింపజేస్తే చాలు. మిర్చి ఏరే మనిషి, మందు కొట్టే మనిషి ఇక చేయలేనని చెప్పగలిగి, ఆ మాట చెప్పిన వారం కూడా పిల్లలకు అన్నం పెట్టగలిగితేనే, వాళ్లు చేస్తున్న మిగతా రోజుల పని వాళ్ల ఇష్టంతో చేస్తున్నదని మనం నిజాయితీగా అనగలం.