రుచికి దొరకనిది

నేటి పఠనం: నిర్గమకాండము 15:22–26

మారా దగ్గర నీళ్లు చేదు. మూడు రోజులు షూరు అరణ్యంలో నడిచి వచ్చిన జనం ఒక గుక్క నోట్లో పోసుకుని అక్కడే ఉమ్మేసి ఉంటారు. వాళ్లు సణిగారు, మోషే మొరపెట్టాడు, దేవుడు ఒక చెట్టు చూపించాడు, అది వేస్తే నీళ్లు తీపెక్కాయి. మనం ఎప్పుడు చదివినా ఆ చెట్టు దగ్గరే ఆగిపోతాం. నాకు మాత్రం ముందున్న ఆ చేదే పెద్ద మేలుగా కనబడుతుంది. చేదు లేకపోతే కడుపునిండా తాగేసేవాళ్లే కదా!

అలా చేదుతో హెచ్చరించని నీళ్లూ ఉన్నాయి. తమిళనాడులో ధర్మపురి నుంచి సేలం వెళ్లే దారిలో అదియమాన్‌కోట్టై ఉంది. తెలుగు మాట్లాడే ఇళ్లు తరతరాలుగా ఉన్న జిల్లా ధర్మపురి. రాతినేల. అక్కడ చాలా బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని మన ప్రమాణం. వేరే నీళ్లు దొరకకపోతేనే 1.5 దాకా. కాచి చల్లార్చినా అది పోదు, ఆవిరైన మేరకు ఇంకాస్త చిక్కబడుతుంది. మన ఇళ్లలో నీళ్లకు పాతకాలపు పరీక్ష ఒకటుంది: కందిపప్పు మెత్తగా ఉడికితే మంచినీళ్లు, పలుకుగా మిగిలితే కాదు. ఈ నీళ్లు ఆ పరీక్షలో చాలాసార్లు గెలుస్తాయి. కాల్షియం తక్కువగా, క్షారత ఎక్కువగా ఉన్న నీళ్లలోనే ఫ్లోరైడ్ బాగా కరుగుతుంది. పప్పు ఉడకడానికీ అవే అనువు.

అందుకని పరీక్ష వేరే కావాలి. గాజు గొట్టంలో గీత దాకా నీళ్లు పోసి, మందు చుక్కలు వేసి ఊపుతారు. ఫ్లోరైడ్ లేకపోతే గులాబీ రంగు నిలుస్తుంది. ఉన్నకొద్దీ ఆ గులాబీ విరిగి పసుపుకు తిరుగుతుంది. దాన్ని తెల్లకాగితం ముందు పెట్టి, రంగుల పట్టీతో పోల్చి చూస్తారు. చూసే మనిషి ఇష్టాయిష్టాలతో ఆ పసుపుకు పని లేదు.

మారా గురించిన ఆ వచనాల్లో ఇంకో సంగతి ఉంది. దేవుడు జనాన్ని పరీక్షించింది కూడా అక్కడేనట. నీళ్లు ఎలా ఉన్నాయో వాళ్లు నోటితో చూస్తుంటే, వాళ్లు ఎలా ఉన్నారో ఆయన చూస్తున్నాడు. నా కోపం నాకు తెలుసు, దాని రుచి చేదు. దాని కోసం ఎన్నిసార్లయినా ప్రార్థిస్తాను. నా లోపల చేదు లేనివాటి మాటేమిటి? నేను మంచితనమనే అనుకుంటున్నవి, పప్పు చక్కగా ఉడికించేవి?

ఫ్లోరైడ్ మచ్చ పళ్ల మీద పడేది చిన్నతనంలో, చిగుళ్ల కింద పన్ను తయారయ్యే ఏళ్లలో. పెద్దయ్యాక ఆ ఊరికి వచ్చి అదే నీళ్లు తాగినవాళ్ల పళ్లకు ఆ మచ్చ రాదు. అద్దంలో చూసుకుంటే తెల్లగానే ఉంటాయి. పసుపు, గోధుమ గీతలు ఇంట్లో పిల్లలు నవ్వినప్పుడు కనిపిస్తాయి. ఆత్మపరిశీలన అనగానే మనం అద్దం ముందు కూర్చుంటాం. నా మట్టుకు నాకు అది చాలదనిపిస్తుంది. నా మాట, నా మౌనం రోజూ తాగుతూ పెరిగేవాళ్ల ముఖాలు కూడా చూడాలి. అదియమాన్‌కోట్టై పేరులో ఉన్న అదియమాన్ రాజు అనగానే తమిళులకు గుర్తొచ్చేది ఉసిరికాయ. ఆయుష్షు పెంచే ఆ కాయ తాను తినకుండా కవయిత్రి అవ్వైయారుకు ఇచ్చాడంటారు. ఎవరి ప్రాణం ముందు చూసుకోవాలో ఆ రాజుకు తెలుసు.

మన దేశంలో ఫ్లోరైడ్ తెచ్చే జబ్బును తొలిసారి గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నాగపూర్‌లోని ‘నీరి’ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించిన విరుగుడుకు నల్గొండ పేరే పెట్టారు. పటిక, సున్నం వేసి కలిపి, తేరాక పైతేట వంచుకోవడమే. కానీ పటిక ఎంతన్నది ఫ్లోరైడ్ ఒక్కటే చూసి చెప్పలేం, క్షారత కూడా కొలవాలి. ఎక్కువైతే ఆ పటికే ఇంకో బెడద. ఇంట్లో గాజుతొట్టెలో పగడాలు పెంచేవాళ్లకూ ఇది అనుభవమే: క్షారత పడిపోయిందని కంగారుపడి ఒకేసారి పెంచితే, తక్కువకు తట్టుకున్న పగడం ఆ సవరింపుకు తట్టుకోలేదు. ఇతరులను దిద్దేటప్పుడు మనకు ఈ కొలత గుర్తుండదు.

ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు 2013లో హొగెనక్కల్ నుంచి కావేరి నీళ్లు వచ్చాయి. చెడ్డ నీళ్లను బాగుచేయడం కన్నా మంచినీళ్లు తెచ్చుకోవడం మేలన్న ఆలోచన అది. కుళాయి రాని రోజున మాత్రం చెయ్యి మళ్లీ బోరు మీటకే పోతుంది.

ప్రార్థన: ప్రభువా, చేదుగా ఉన్నవాటిని నేనే ఉమ్మేస్తున్నాను. రుచికి దొరకనివి నువ్వు చూపించు. నన్ను దిద్దేటప్పుడు నేను తట్టుకునేంతే దిద్దు. ఈ రోజు ధర్మపురిలో, నల్గొండలో బిందె పట్టుకుని నిలబడిన తల్లులకు కుళాయి నీళ్లు అందించు. ఆమేన్.